జంధ్యాలను పిల్లలకు ఎక్కడి నుంచి పరిచయం చేయాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో పదిహేను తెలుగు కుటుంబాల వాళ్లం నెలకొకసారి ఎవరో ఒకరి డాబా మీద కలుసుకుంటాం. ఈసారి జూన్ 19 దగ్గరలో కలుస్తున్నాం. 2001లో అదే రోజున కన్నుమూసిన సినీ రచయిత, దర్శకుడు జంధ్యాల గారి గురించి అరగంట మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. ఆయన సినిమాలతోనే పెరిగినవాణ్ని కనుక సంతోషంగా ఒప్పుకున్నాను గానీ, కాగితం ముందు కూర్చున్నాక చెయ్యి సాగడం లేదు. వచ్చేవాళ్లలో సగం మంది పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వింటే అర్థం చేసుకుంటారు, కానీ బడిలో ఒడియా, ఇంగ్లీషు తప్ప నేర్చుకోనందువల్ల మన అక్షరాలు కూడబలుక్కోవడం కూడా చాలామందికి రాదు. మాట మీదే బతికే హాస్యాన్ని అటువంటి పిల్లలకు ఎటువైపు నుంచి చూపించాలో పెద్దలు చెప్పగలరు.

నాగావళి, రాయగడ

పుట్టుక, చదువు, బిరుదులు అనే వరసలో మాత్రం మొదలుపెట్టకండి మాస్టారూ, పిల్లలు లేచిపోతారు. అయితే ఆ వివరాలు మీ చేతిలో ఉండాలి కాబట్టి రాస్తున్నాను. జంధ్యాల ఆయన ఇంటిపేరు. అసలు పేరు వీర వెంకట దుర్గా శివ సుబ్రహ్మణ్య శాస్త్రి. 1951 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, నరసాపురంలో పుట్టారు. పెరిగిందీ, బీకాం చదివిందీ విజయవాడలో. సినిమాల్లోకి వెళ్లకముందే నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నారు. ‘ఏక్ దిన్ కా సుల్తాన్’, ‘గుండెలు మార్చబడును’ ఆ రోజుల్లో పరిషత్తు పోటీల వాళ్లకు బాగా తెలిసిన పేర్లు. ఆ తరువాత మద్రాసు చేరి సంభాషణల రచయితగా స్థిరపడ్డారు.

నా లెక్కలో పిల్లలకు చెప్పవలసిన మొదటి విషయం ఇక్కడే ఉంది. 1977లో ‘అడవి రాముడు’కు మాటలు రాసినదీ, 1980లో విడుదలైన ‘శంకరాభరణం’కు మాటలు రాసినదీ ఒకే చెయ్యి. మొదటిది ఎన్టీ రామారావు గారి కోసం థియేటర్లలో ఈలలు వేయించిన సినిమా, రెండవది ఒక సంగీత విద్వాంసుడి మౌనాన్ని కూడా వినిపించిన సినిమా. ‘శంకరాభరణం’ వచ్చేనాటికి ఆయనకు ఇరవై తొమ్మిదేళ్లు. నవ్వించడం మాత్రమే వచ్చినవాడు ఆ మాటలు రాయలేడు.

చిన్నరైలు, గుణుపురం లైను

నేను రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్న బండి నడిచిన రోజుల్లో, కొత్త తెలుగు సినిమా కోసం పర్లాకిమిడి కుర్రాళ్లు సరిహద్దు దాటి పాతపట్నం పోవడం, ఆట ముగిశాక అర్ధరాత్రి రోడ్డు వెంట సంభాషణలు వల్లిస్తూ నడిచి రావడం నేను కళ్లారా చూశాను. పిల్లలకు ‘లేడీస్ టైలర్’ చూపిస్తే బాగుంటుందని నా సలహా. రాజేంద్రప్రసాద్ గారిని జంధ్యాల గారు ఎంత బాగా వాడుకున్నారో అందులో తెలుస్తుంది.

నాగావళి, రాయగడ

పెద్దవారు మన్నించాలి. ‘లేడీస్ టైలర్’ వంశీ గారి సినిమా, 1986లో వచ్చింది. రాజేంద్రప్రసాద్ గారు ఉంటే అది జంధ్యాల సినిమాయే అనుకోవడం మన దగ్గర చాలామందికి ఉన్న అలవాటు. ‘అప్పుల అప్పారావు’ విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది, అది ఈవీవీ సత్యనారాయణ గారిది. అయితే ఈవీవీ గారు జంధ్యాల గారి దగ్గర సహాయకుడిగా పనిచేసి పైకి వచ్చినవారే కాబట్టి, ఆ పొరపాటులో కొంత నిజం లేకపోలేదు.

చిన్నరైలు, గుణుపురం లైను

దిద్దినందుకు సంతోషం. వయసు మీద పడుతోంది, బండి ఒక్కొక్కసారి పట్టాలు తప్పుతుంది. అయితే ఒక సంగతి మాత్రం పొరపాటు లేకుండా చెప్పగలను. ‘అహ నా పెళ్ళంట’, ‘వివాహ భోజనంబు’, ‘చూపులు కలసిన శుభవేళ’ అనే మూడు పేర్లూ 1957 నాటి ‘మాయాబజార్’ పాటల్లో వినబడేవే. ఆ పేరు గోడ మీద చూడగానే తెలుగువాడి చెవిలో పాట మోగుతుందని, పాట మోగితే మనసు తేలికపడుతుందని, ఆ తేలికపడ్డ మనసుతోనే థియేటర్‌లో అడుగుపెడతాడని ఆయనకు తెలుసు. మీ పిల్లలకు ‘మాయాబజార్’ తెలిసి ఉంటే ఆ దారిన కూడా వెళ్లవచ్చు.

నేతవీధి, బరంపురం

చిన్నరైలు గారు చెవి సంగతి ఎత్తారు కనుక నేనూ ఒక మాట చెబుతాను. మాది పట్టు నేసే ఇల్లు. మా నాన్నగారి తరంలో ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ తెలుగు చదవడం రాదు, నాకూ ముప్పై ఏళ్లు దాటాకే వచ్చింది. 1980ల్లో మా గుంట మగ్గం పక్కన ఒక రేడియో ఉండేది. విశాఖపట్నం కేంద్రం గాలి బాగున్న రోజున స్పష్టంగా పలికేది. సంక్షిప్త శబ్దచిత్రం అని సినిమా మొత్తాన్ని గంటకు కుదించి మాటలూ పాటలూ వినిపించేవారు. చేతిలో నాడె, కాలి కింద తొక్కుడు కర్ర, చెవి రేడియో దగ్గర. మిగతా సినిమాలు అలా వింటున్నప్పుడు మధ్యలో ఏం జరుగుతోందో తెలిసేది కాదు. పోట్లాట వస్తే డబడబ చప్పుళ్లు, ఏడుపు వస్తే వీణ, అంతే. జంధ్యాల సినిమాలో అలా జరగదు. ఎవరు ఎవరి మీద విసుక్కుంటున్నారో, ఎవరు లోపల నవ్వుకుంటూ బయటకు ఏడుపు నటిస్తున్నారో గొంతులోనే తెలిసిపోయేది. నవ్వుతో పోగు తెగినప్పుడల్లా మా నాన్న నన్ను తిట్టి, ఆ తిట్టు కూడా రేడియోలో విన్న ధోరణిలోనే ఉందని గుర్తుపట్టి ఆయనే నవ్వేవారు.

తరువాత వీడియో అద్దెకు తెచ్చి ‘శ్రీవారికి ప్రేమలేఖ’ మొదటిసారి చూసినప్పుడు నాకు కొంచెం నిరాశ కూడా కలిగింది. నేను ఊహించుకున్న పరంధామయ్య గారు ఇంకా లావుగా ఉండేవారు.

అందువల్ల అక్షరాలు రాకపోవడం అడ్డంకి కాదని నా అభిప్రాయం. ఆయన చదివించుకునే రచయిత కాదు, వినిపించుకునే రచయిత. నాటకం నుంచి వచ్చినవాడు. ఆయన చేరదీసిన సుత్తి వీరభద్రరావు గారు కూడా విజయవాడ ఆకాశవాణి మనిషే. తెర మీద ఆయన ముఖం కంటే ముందు గొంతు వచ్చి కూర్చుంటుంది.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

నేతవీధి గారూ, మీరు రాసినది చదివాక నా కాగితం మీద మొదటి వాక్యం పడింది. మా ఊరి సంగతి కూడా ఇందులో కలుస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే, మనుషులు మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. మాట్లాడే మాటకు గౌరవం కావాలని ఒక పెద్దాయన పట్టుబట్టిన ఊళ్లో, మాట్లాడే మాటతోనే ఇల్లు గడిపిన రచయిత గురించి చెప్పుకోవడం బాగుంటుంది.

కొండదారి, కొరాపుట్

ఇక్కడే నాకు అభ్యంతరం ఉంది. మాట్లాడే తెలుగు అంటున్నారు, ఎవరు మాట్లాడే తెలుగు? జంధ్యాల సినిమాల్లోని ఇళ్లు ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల మధ్యతరగతి ఇళ్లే. వరండాలో పడకకుర్చీ, చేతిలో పేపరు, లోపలి నుంచి కాఫీ. నేను పుట్టిన జయపురంలో ఎవరూ అలా మాట్లాడరు. ఉత్తరాంధ్ర యాస, దానికి ఒడియా కలిసిన మన యాస తెలుగు సినిమాలో వినబడితే అది ఎక్కువగా పనిమనిషికో, మోసపోయే అమాయకుడికో మాత్రమే దక్కింది. ఆ తప్పు ఒక్క జంధ్యాలది కాదని ఒప్పుకుంటాను గానీ, గిడుగు వారిని ఆయన పక్కన నిలబెట్టేముందు ఒక్కసారి ఆలోచించండి.

రెండవ సంగతి, ఆయన హాస్యంలో భార్యలు తరచు తిక్కవాళ్లు. ‘చంటబ్బాయ్’లో శ్రీలక్ష్మి గారి కవితలూ, వింత వంటకాలూ అందరికీ గుర్తున్నాయి, ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో ఆవిడే సినిమా కథను పేర్లు పడే దగ్గర నుంచి చెప్పుకొస్తుంది. నవ్వొస్తుంది, కాదనను. కానీ పిల్లల ముందు ఆడవాళ్లను ఎప్పుడూ మొగుణ్ని విసిగించే మనుషులుగానే చూపించాలా?

వంశధార, గుణుపురం

కొండదారి గారి రెండవ మాటకు ఆడదాన్నయిన నేనే జవాబు చెబితే బాగుంటుంది. శ్రీలక్ష్మి గారి పాత్రలు విసిగిస్తాయి, నిజమే. అయితే ఆ పాత్రకు ఒక పిచ్చి ఉంటుంది, ఆ పిచ్చిలో ఆవిడ పూర్తిగా స్వతంత్రురాలు. కవిత్వం రాస్తానన్న ఆవిడను ఆపగలిగిన మగవాడు ఆ సినిమాలో ఒక్కడూ లేడు. తెలుగు సినిమాలో అంతకుముందు హాస్యనటి అంటే హాస్యనటుడి పక్కన జంట, అతను వేసిన మాటకు ఎదురు మాట. తన పిచ్చి తానే మోసుకుంటూ సన్నివేశాన్ని ఒంటిచేత్తో నడిపే అవకాశం శ్రీలక్ష్మి గారికి వచ్చినట్టుగా ఎంతమందికి వచ్చింది? పైగా ‘శ్రీవారికి ప్రేమలేఖ’కు మూలం పొత్తూరి విజయలక్ష్మి గారి నవల. ఎవరో తెలియని మగవాడికి సరదాగా ఉత్తరం రాసి పోస్టు చేసే అమ్మాయిని ఊహించినది ఒక రచయిత్రి, ఆ చిలిపితనాన్ని తగ్గించకుండా తెరకెక్కించినది జంధ్యాల.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. నేను ఒడియా ఇంటికి కోడలుగా వచ్చి ఇరవై రెండేళ్లయింది. మా అత్తగారికి తెలుగు రాదు. మధ్యాహ్నం టీవీలో తెలుగు సినిమా వస్తే పక్కన కూర్చుని, నేను నవ్వినప్పుడల్లా ‘కణ కహిలా?’ (ఏమన్నాడు?) అని అడుగుతారు. అలా అడిగి అడిగి నన్ను దుబాసీని చేసేశారు, కాబట్టి జంధ్యాల గారిలో ఏది భాష దాటుతుందో, ఏది దాటదో నాకు అనుభవం మీద తెలుసు.

‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు గారు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సన్నివేశానికి నేను నోరు విప్పవలసిన పనే పడలేదు. ‘కంజుస్!’ అని అత్తగారే అన్నారు, అంటూ పొట్ట పట్టుకున్నారు. అదే ‘నాలుగు స్తంభాలాట’ చూస్తున్నప్పుడు సుత్తి అనే మాట వచ్చింది. సుత్తి అంటే హాతుడి అని చెప్పాను. హాతుడితో ఎవరినీ కొట్టడం లేదు కదా, ఎందుకు నవ్వుతున్నావు అన్నారు. ఎదుటివాడి తల మీద మాటలతో మేకు దిగ్గొట్టినట్టు వాయిస్తాడు, అదీ సుత్తి అని విడమరిచేసరికి సన్నివేశం అయిపోయింది. కానీ అయిదు నిమిషాలు ఆగి, మా వీధి చివర ఇంటి పెద్దాయన పేరు చెప్పి, ‘అతనిలాగానా?’ అని అడిగారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ పెద్దాయన పేరు హాతుడి.

అంటే మాట దాటలేదు గానీ మనిషి దాటాడు. ప్రాసలు దాటవు. ‘వేటగాడు’లో రావు గోపాలరావు గారికి రాసిన ప్రాసల మాటలను ఒడియాలోకి తేవాలని ఒకసారి ప్రయత్నించి చేతులెత్తేశాను. అవి తెలుగు చెవికే పుట్టాయి, అక్కడే ఉంటాయి.

నేతవీధి, బరంపురం

వంశధార గారి అత్తగారికి నా నమస్కారాలు. సుత్తి గురించి ఒక మాట చేర్చాలి. 1982లో ‘నాలుగు స్తంభాలాట’ వచ్చాక వీరభద్రరావు గారికీ, వేలు గారికీ ఆ మాట ఇంటిపేరుగా మారిపోయింది. వేలు గారి అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీ నరసింహారావు అంటే ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టరు. ఒక సినిమాలోని ఊతపదం ఇద్దరు నటుల పేర్లను మింగేసి, నిఘంటువులోని అర్థాన్ని పక్కకు నెట్టి, జనం నోట కొత్త అర్థంతో నిలబడింది. మా మగ్గాల వీధిలో ఇప్పటికీ మేకులు కొట్టేదాన్ని సుత్తి అంటే కుర్రాళ్లు నవ్వుతారు.

నాగావళి, రాయగడ

కొండదారి గారి మొదటి అభ్యంతరానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు, అది దాటవేయదగినది కాదు. జంధ్యాల గారి తెలుగుకు ఒక ఊరు, ఒక తరగతి ఉన్నాయి. విశాఖ సముద్రతీరాన ఎన్నో సన్నివేశాలు తీసినా, తెరలో సముద్రం కనబడినంతగా ఆ తీరం యాస వినబడదు. ఆ వెలితిని మీ ప్రసంగంలో చెప్పండి మాస్టారూ, పిల్లలు దాన్ని మనకంటే తొందరగా పసిగడతారు.

అయితే ఇంకొక పక్క ఉంది. 1981లో ‘ముద్దమందారం’తో దర్శకుడైన తరువాత ఆ పదేళ్లలో పాతికకు పైగా సినిమాలు తీశారు. అంత వేగంలో నాసిరకం కూడా ఉంది, నేను పేర్లు చెప్పను, చూసినవాళ్లకు తెలుసు. కానీ అదే వేగం మధ్యలో ‘ఆనందభైరవి’ ఉంది. గిరీష్ కర్నాడ్ గారు కూచిపూడి గురువు, మగవాళ్లే ఆడవేషం కట్టే సంప్రదాయంలో ఒక ఆడపిల్లకు నాట్యం నేర్పే కథ. 1987లో ‘అహ నా పెళ్ళంట’ తీసిన ఏడాదే అమెరికాలో ‘పడమటి సంధ్యారాగం’ తీశారు. అందులో తెలుగింటి అమ్మాయి ఒక అమెరికన్ను ప్రేమిస్తుంది. సరిహద్దులో బతికే మనకు, రెండు భాషల మధ్య పెళ్లిళ్లు చేసుకునే మనకు, ఆ కథ నరసరావుపేట వాళ్లకంటే దగ్గరగా తగలాలి. వంశధార గారి ఇల్లే సాక్ష్యం.

కొండదారి, కొరాపుట్

‘పడమటి సంధ్యారాగం’ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. యాస గురించి అన్నది మాత్రం వెనక్కి తీసుకోను. ఇంకొక ప్రశ్న అడుగుతాను, ఇది వాదన కోసం కాదు. 1990 తరువాత దర్శకుడిగా ఆయన ఎందుకు వెనకబడ్డారు?

నాగావళి, రాయగడ

నా ఊహ చెబుతాను, ఊహగానే తీసుకోండి. ఆయన పెంచిన నటులు ఆయన సినిమాకంటే పెద్దవాళ్లయ్యారు. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే బ్రహ్మానందం గారు ‘అహ నా పెళ్ళంట’లో అరగుండుగా కనబడి, కొద్దికాలంలోనే ప్రతి సినిమాకూ కావలసిన మనిషి అయ్యారు. ‘ప్రతిఘటన’లో భయపెట్టిన కోట గారిలో పిసినారి కూడా ఉన్నాడని అందరికీ తెలిసిపోయింది. ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు ‘జయమ్ము నిశ్చయమ్మురా’తో వచ్చారు. పెద్ద హీరో సినిమాలోనే పావుగంట హాస్యం విడిగా దొరుకుతుంటే, హాస్యం కోసమే ఇంకొక టికెట్టు కొనేవాడు తగ్గుతాడు. వీరభద్రరావు గారు 1988లోనే పోయారు, ఆ గొంతు లేని లోటు కూడా ఉంది.

కానీ రచయితగా ఆయన వెనకబడలేదు. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, 1991లో ‘ఆదిత్య 369’, 1992లో ‘ఆపద్బాంధవుడు’. మూడింటికీ మాటలు ఆయనవే. మూడవదానిలో పెద్దమనిషి పాత్ర కూడా వేశారు. ఆ ముఖంలో హాస్యం ఎక్కడా కనబడదు. పిల్లలకు ఆయన ఫొటో చూపించాలనుకుంటే ఆ సినిమాలోనిది చూపించండి.

చిన్నరైలు, గుణుపురం లైను

యాభై ఏళ్లకే పోయారు. నేను ఆయనకంటే ఒక్క ఏడాది చిన్న. ఇంతకంటే రాయలేను.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

నిన్న సాయంత్రం సభ జరిగింది, సంగతులు చెబుతానని మాట ఇచ్చాను గనుక రాస్తున్నాను. నేతవీధి గారి సలహా ప్రకారం ముందు తెర మీద ఏమీ చూపకుండా, స్పీకరు పెట్టి, ‘శ్రీవారికి ప్రేమలేఖ’లోని ఒక సన్నివేశం మాటలు మాత్రం వినిపించాను. ఎవరు కోపంగా ఉన్నారు, ఎవరు అబద్ధం చెబుతున్నారు అని అడిగితే ఎనిమిదేళ్ల పిల్ల కూడా సరిగ్గా చెప్పింది. ఆ తరువాతే బొమ్మ చూపించాను. కోడి సన్నివేశానికి డాబా దద్దరిల్లింది. ప్రాసల మాటలకు పెద్దవాళ్లు మాత్రమే నవ్వారు, పిల్లలు పెద్దవాళ్లను చూసి నవ్వారు.

అనుకోనిది ఒకటి జరిగింది. డెబ్బై ఎనిమిదేళ్ల మా పిన్నిగారికి చూపు సరిగా ఆనదు. తెర వైపు కాకుండా గోడకు ఆనుకుని కూర్చుని, వీరభద్రరావు గారి మాట రాకముందే ఆ మాటను అంటున్నారు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. పిల్లలు తెర వదిలి ఆవిడ చుట్టూ చేరారు. ఆవిడ చెప్పినది మన యాసలోనే, ‘ఏటిరా అలా సూస్తన్నారు’ అన్న ధోరణిలోనే. కొండదారి గారూ, మీరు ఉండి ఉంటే బాగుండేది.

నేను రాసుకున్న అరగంట కాగితంలో రెండు పేజీలు చదవకుండానే మిగిలిపోయాయి. ‘ఆనందభైరవి’ వచ్చే నెలకు వాయిదా వేశాం. ప్రొజెక్టరు ఈసారి నేతవీధి గారు బరంపురం నుంచి తెస్తామన్నారు, బస్సులో తెచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకోవాలని మనవి.